జనరేటర్ కొనడానికి వెళ్తే ఇంట్లో ఇస్త్రీ పెట్టె పట్టుకెళ్ళండి

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న వచ్చింది, ఆదివారం. భీమిలిలో మా వీధికి మళ్ళీ కరెంటు వచ్చేసరికి తొమ్మిదో రోజు. అప్పటికి నేను ఇళ్ళకి వైరింగ్ చేస్తూ పద్నాలుగేళ్ళు. మా అమ్మకి షుగర్. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్ చచ్చి ఉంది. మేడ మీద ట్యాంకు రెండో రోజుకే ఖాళీ. నాలుగో రోజు అప్పు చేసి, దొరికిన చోట దొరికిన జనరేటర్ కొని ఆటోలో వేసుకొచ్చాను. దాని మీద పెద్ద అక్షరాలతో 5 కేవీఏ అని స్టిక్కర్ ఉంది. కేవీఏ అంటే జనరేటర్ ఎంత లోడు మోస్తుందో చెప్పే కొలత. మా బోరు మోటారు ఒక హెచ్‌పీ. స్విచ్ వేశాను. ఇంజను గొంతు ఒక్కసారి దిగిపోయింది, బల్బులు ఎర్రబడ్డాయి, బోరులో మోటారు మూలిగి ఊరుకుంది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అంతే. అమ్మ గుమ్మంలో నిలబడి, "పోనీలే నాన్నా, పక్కవీధి నుయ్యి ఉంది కదా" అంది. ఆవిడకి అప్పటికి డెబ్బై ఏళ్ళు.

నేను స్టిక్కర్ చదివాను, ఇంజను చదవలేదు. ఆ తొందరలో నాలాంటివాడే తప్పు చేశాడంటే, ఈ పనితో సంబంధం లేనివాళ్ళు ఎంత మోసపోతారో తర్వాత పదేళ్ళలో చాలా ఇళ్ళలో చూశాను. అందుకే తెలిసినంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు కాగితం, తర్వాత కొట్టు

పోయినేడాది ఎండాకాలంలో మా పక్కవీధి మాస్టారు కబురు పెట్టారు. రిటైరై పదేళ్ళైంది, ఆయనా అమ్మగారూ ఇద్దరే ఉంటారు, పిల్లలు హైదరాబాదులో. "ఎంత కేవీఏ తీసుకోమంటావు?" అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను. "మాస్టారూ, ఒక కాగితం తీయండి. కరెంటు అయిదు రోజులు రాదు అనుకుని, ఏది లేకపోతే గడవదో అదే రాయండి" అన్నాను.

రాశారు. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, అమ్మగారి ఇన్సులిన్ కోసం ఫ్రిజ్, మాస్టారికి ఉబ్బసం కాబట్టి నెబ్యులైజర్, ఫోన్లు, వైఫై డబ్బా, ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీకి ఛార్జింగ్, కింద సంపు నుంచి మేడ మీదికి నీళ్ళెక్కించే అర హెచ్‌పీ మోటారు. చివర్న గీజర్ అని కూడా రాసి, నా ముఖం చూసి ఆయనే కొట్టేశారు. గీజర్ ఒక్కటే 2000 వాట్లు. ఇండక్షన్ పొయ్యి కూడా దాదాపు అంతే. ఇస్త్రీ పెట్టె 1000. వేడి పుట్టించే సామాను ఏదైనా సరే, చిన్న జనరేటర్ కాగితం మీద దానికి చోటు లేదు. గ్యాసు పొయ్యి ఉంది కదా.

ఇప్పుడు వాటి పక్కన వాట్లు వేయాలి. ఎల్ఈడీ బల్బు 9 చొప్పున నాలుగూ 36. పాత రకం సీలింగ్ ఫ్యాన్ ఒక్కొక్కటి 75, అదే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 దగ్గర. 190 లీటర్ల ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు 120 నుంచి 150. నెబ్యులైజర్ ఓ 100, అదీ పది నిమిషాలే. ఇన్వర్టర్ 150 ఏహెచ్ బ్యాటరీని ఛార్జ్ చేసేటప్పుడు లాగేది 250 దాకా. నీళ్ళ మోటారు కాక మిగతావన్నీ కలిపినా 700 దగ్గరే. మాస్టారి ముఖం వెలిగింది. "అయితే ఒక కేవీఏ చాలుగా!"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫ్రిజ్, నీళ్ళ మోటారు లాంటివి బయలుదేరేటప్పుడు, తిరిగేటప్పటి కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు కరెంటు గుంజుతాయి. ఒక్క క్షణమే, కానీ ఆ క్షణాన్ని జనరేటర్ మోయలేకపోతే ఏదీ నడవదు. ఫ్రిజ్ కంప్రెసర్ 130 వాట్లది అయినా, ఎత్తుకునేటప్పుడు 700, 800 అడుగుతుంది. సంపు మోటారు సంగతి కళ్ళారా చూపిద్దామని వైరులో పారే కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి, స్విచ్ అమ్మగారి చేత వేయించాను. తిరుగుతున్నప్పుడు మూడు యాంపులు. ఎత్తుకున్న ఆ అర సెకనులో పదమూడు. పదమూడుని 230తో గుణిస్తే మూడు వేలకు దగ్గర. అంటే ఆ అర హెచ్‌పీ మోటారు ఒక్కదాని కోసం మూడు కేవీఏ జనరేటర్ కొనాలి. అది నలభై కిలోల పైమాట. డెబ్బైకి దగ్గరపడ్డ ఇద్దరు మనుషులు దాన్ని వానలో ఎక్కడికి లాగుతారు?

అమ్మగారే అడిగారు. "బాబూ, తుఫాను వస్తుందని మూడు రోజుల ముందే చెప్తున్నారు కదా. ముందే ట్యాంకు నింపేసుకుంటే?"

వెయ్యి లీటర్ల ట్యాంకు. ఇద్దరే మనుషులు. జాగ్రత్తగా వాడితే అయిదు రోజులు నడుస్తుంది. సంపులో నీళ్ళు ఎలాగూ ఉంటాయి, మూత తీసి బక్కెట్‌తో తోడుకోవచ్చు. మోటారుని కాగితం మీంచి కొట్టేశాం. ఆ ఒక్క గీతతో మూడు కేవీఏ కాస్తా రెండు కేవీఏ అయింది, నలభై కిలోలు ఇరవై చిల్లర అయింది, పెట్రోలు సగమైంది. కాగితం మీద ఏం రాశామన్నదాని కన్నా ఏం కొట్టేశామన్నదే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. మీ ఇంట్లో బోరు తప్ప నీటి ఆధారం లేకపోతే మాత్రం కొట్టేయకండి. మోటారు ఎత్తుకునే యాంపులు కొలిపించి, దాన్ని బట్టే కొనండి. ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కి నిజమైన అయిదు కేవీఏ దగ్గర్లో ఉంటే నిశ్చింత.

ఇంకో మాట. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీదే రాత్రంతా గడుస్తుంటే, అయిదు లీటర్ల మెషీన్‌కి 350 వాట్ల లెక్క వేసుకోండి. కానీ దాన్ని ఒక్క జనరేటర్ మీదే వదలొద్దు. నిండు సిలిండర్ ఒకటి పక్కన ఉండాల్సిందే. పెట్రోలు అయిపోవచ్చు, ఇంజను స్టార్ట్ చేసే తాడు తెగిపోవచ్చు.

స్టిక్కర్ కాదు, సీసీ చూడండి

జనరేటర్ మీద సాధారణంగా రెండు అంకెలుంటాయి. ఒకటి గరిష్ఠం, ఇంకోటి రేటెడ్. గరిష్ఠం అంటే కొద్ది నిమిషాలు మోసేది. రేటెడ్ అంటే గంటలకొద్దీ మోసేది. మీ కాగితం మీది మొత్తాన్ని రేటెడ్‌తో పోల్చండి, మోటారు ఎత్తుకునే క్షణాన్ని గరిష్ఠంతో పోల్చండి. కేవీఏని నేరుగా వాట్లు అనుకోకుండా 0.8తో గుణించి చూసుకుంటే మీకే మేలు. 2 కేవీఏ అంటే 1600 వాట్లు అనుకోండి. మొత్తం లోడు అందులో ముప్పాతిక దాటకుండా ఉంటే యంత్రం పదేళ్ళు ఉంటుంది.

ఆ రెండు అంకెలూ అబద్ధమైతే? నాకు జరిగింది అదే. ఇంజను సైజు అబద్ధం చెప్పదు. ఇంజను మీద సీసీ పోసి ఉంటుంది, లేకపోతే మాన్యువల్‌లో ఉంటుంది. 80 సీసీ దగ్గరుంటే అది ఒక కేవీఏ మనిషి. 120 సీసీ రెండు కేవీఏ దాకా. 200, 210 సీసీ అంటే రెండున్నర, మహా అయితే మూడుకి కాస్త తక్కువ. నిజంగా అయిదు కావాలంటే 390 సీసీ దగ్గర ఉండాలి. నేను హుద్‌హుద్‌లో కొన్న 5 కేవీఏ స్టిక్కర్ కింద ఉన్నది 196 సీసీ ఇంజను. ఆ ఒక్క అంకె చూసి ఉంటే ఆటో కిరాయి కూడా మిగిలేది.

అరకు, లంబసింగి వైపు వాళ్ళు ఇంకో పదో వంతు తీసేసుకోండి. సముద్రమట్టం నుంచి 900 మీటర్ల ఎత్తులో గాలి పలచబడుతుంది, ఇంజను అంత బలం ఇవ్వదు. ఇక్కడ భీమిలిలో మోసిన లోడు అక్కడ మోయకపోవచ్చు.

ఏ రకం

పెట్రోల్ జనరేటర్లలో ఇంటికి పనికొచ్చేవి రెండు రకాలు. ఇనప గొట్టాల చట్రంలో బయటికి కనబడే ఇంజనుతో వచ్చేది పాత రకం. పెళ్ళి పందిళ్ళ దగ్గర, కొట్ల ముందు ఎప్పటినుంచో చూస్తున్నదే. అది లోడు ఉన్నా లేకపోయినా నిమిషానికి మూడు వేల చుట్లు తిరగాల్సిందే, అప్పుడే 50 హెర్ట్జ్ వస్తుంది. అందుకే ఒక్క బల్బు వేసినా అదే రొద, దాదాపు అదే పెట్రోలు. తీసుకుంటే ఏవీఆర్, అంటే వోల్టేజిని నిలకడగా ఉంచే పరికరం, ఉన్నదే తీసుకోండి. కెపాసిటర్‌తో నడిపించే చవక రకంలో వోల్టేజి 190కీ 260కీ మధ్య ఊగుతుంది, టీవీలూ ఫ్రిజ్ బోర్డులూ పోతాయి.

రెండోది ఇన్వర్టర్ జనరేటర్. సూట్‌కేసులా మూసి ఉంటుంది. లోడు తగ్గితే ఇంజను కూడా నెమ్మదిస్తుంది, కరెంటు శుభ్రంగా వస్తుంది. అదే కెపాసిటీ పాత రకం కన్నా ఇంచుమించు రెట్టింపు ధర. మాస్టారింటికి నేను ఇదే చెప్పాను. రెండు కారణాలు. వాళ్ళ లోడు 700 వాట్ల చుట్టూనే తిరుగుతుంది కాబట్టి సగం వేగంలో నడిచి గంటకి అర లీటరు, ఆరు వందల మిల్లీలీటర్లతో సరిపెడుతుంది. ఇంకోటి, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది. పాత రకం జనరేటర్ కరెంటు ఊగుతుంటే చాలా హోమ్ ఇన్వర్టర్లు దాన్ని తీసుకోవు, కరెంటు వచ్చినా రానట్టే బ్యాటరీ మీదే నడుస్తుంటాయి. మీ దగ్గర పాత రకమే ఉండి ఈ తంటా వస్తే, ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ అనీ, ఎకో లేదా నార్మల్ అనీ ఒక బుడిపె స్విచ్ ఉంటుంది. దాన్ని ఎకో వైపు జరపండి. అప్పుడు 100 నుంచి 290 వోల్టుల దాకా ఏది వచ్చినా పుచ్చుకుంటుంది. దీని కోసం నన్ను పిలిచి విజిటింగ్ ఛార్జి ఇచ్చినవాళ్ళు ఎంతోమంది. ఆ స్విచ్ మీరే జరుపుకోవచ్చు.

బోరు మోటారు నడపాలి, రొద ఫర్వాలేదు, ఊరి చివర ఇల్లు అంటే మాత్రం పాత రకం ఏవీఆర్ జనరేటరే సరైనది. పల్లెలో రిపేరుకి కూడా అదే సులువు, ఏ మెకానిక్ అయినా విప్పగలడు. మరీ చిన్న టూ స్ట్రోక్‌వి, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేవి, ఇంటికి వద్దు. పొగ ఎక్కువ, లోడు తక్కువ.

శబ్దం గురించి ఒక మెలిక ఉంది. మన దేశంలో చిన్న పెట్రోల్ జనరేటర్లకి 86 డెసిబెల్స్ హద్దు. బ్రోచర్‌లో 60 అని చూసి అది 86 కన్నా ఎంతో నయం అనుకోకండి. 86 అన్నది యంత్రం మొత్తంగా వెలువరించే శబ్దశక్తి కొలత. 60 అన్నది ఏడు మీటర్ల దూరంలో నిలబడి కొలిచింది కావచ్చు. ఎంత దూరం నుంచి, ఎంత లోడు మీద కొలిచారో రాసి లేకపోతే ఆ అంకెని వదిలేసి, కొట్టులో లోడు మీద నడిపించి మీ చెవులతో వినండి.

అపార్ట్‌మెంట్లో ఉంటే? జనరేటర్ కొనకండి. బాల్కనీ దానికి చోటు కాదు, కారణం కింద చెప్తాను. ఇన్వర్టర్‌కి ఇంకో బ్యాటరీ కలుపుకోండి, లేదా లిథియం బ్యాటరీ పవర్ స్టేషన్ చూడండి. ఇంటి మీద సోలార్ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళకీ ఒక మాట. లైనుకి కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్, లైను పోతే తానూ ఆగిపోతుంది, అది లైను మీద పనిచేసేవాళ్ళ రక్షణ కోసం పెట్టిందే. జనరేటర్ కరెంటు చూసి అది మళ్ళీ లేచి, జనరేటర్‌లోకే కరెంటు నెట్టే ప్రమాదం ఉంది. జనరేటర్ వేసే ముందు సోలార్ ఇన్వర్టర్‌ని ఇంటి వైరింగ్‌కి కలిపే స్విచ్ కట్టేసి తీరాలి.

కొట్టులో

మాస్టారూ నేనూ వైజాగ్ వెళ్ళినప్పుడు అమ్మగారి ఇస్త్రీ పెట్టె సంచిలో పెట్టుకున్నాం. నా మల్టీమీటర్ జేబులో ఉంది. కొట్టులో కుర్రాడు ఒక బల్బు పెట్టి వెలిగించి "చూశారా సార్" అన్నాడు. తొమ్మిది వాట్ల బల్బుకి అంత యంత్రం ఎందుకు? ఇస్త్రీ పెట్టె తగిలించమన్నాను.

ఖాళీగా నడుస్తున్నప్పుడు మీటర్లో 231 చూపించింది. ఇస్త్రీ పెట్టె వేడి పెంచి స్విచ్ వేయగానే ఇంజను ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు వేగం అందుకుంది. మీటరు 226కి దిగి 229 దగ్గర నిలబడింది. అలా నిలబడాలి. 210 కిందికి దిగినా, పైకీ కిందికీ ఊగుతున్నా ఆ ముక్క వద్దు, ఇంకోటి తీయమనండి. పది నిమిషాలు ఆపకుండా నడిపించాం. పాత రకమైతే మీటర్లో హెర్ట్జ్ కూడా చూడాలి. ఖాళీగా 52, లోడు మీద 49, 50 అలా ఉంటే మంచిది. తాడు అమ్మగారి వయసు మనిషి లాగగలరో లేదో చూడమని మాస్టారి చేతే లాగించాను. రెండో లాగుకి అందుకుంది.

పాత రకాల్లో ఇంకో సంగతి అడగండి. లోపల చుట్టింది రాగి తీగా, అల్యూమినియమా? రెండూ ఒకే కేవీఏ అని చెప్పే యంత్రాల్లో ఒకటి బాగా తేలిగ్గా ఉందంటే అనుమానించండి. రాగి అయితే బిల్లు మీద రాయించుకోండి. మీ ఊళ్ళో ఆ కంపెనీ సర్వీసు ఎక్కడుందో, కార్బురేటర్ కిట్టూ తాడూ దొరుకుతాయో లేదో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కొత్త జనరేటర్‌లో చాలావరకు ఇంజనాయిల్ ఉండదు. ఇంటికి తెచ్చి పెట్రోలు పోసి తాడు లాగితే అందుకోదు. ఆయిల్ తక్కువైతే ఆపేసే సెన్సర్ అడ్డుకుంటుంది. ఆ సెన్సర్ లేనిదైతే అందుకుంటుంది, కాసేపట్లో ఇంజను పట్టేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు, ఎక్కువగా 10డబ్ల్యూ30, రెండు కేవీఏ దాకా చిన్నవాటికి అర లీటరు లోపే పడుతుంది. మొదటి ఆయిల్ ఇరవై గంటలకి మార్చండి, తర్వాత వంద గంటలకి.

పొగ

తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. సోంపేట దగ్గర మా అత్తవారి ఊళ్ళో కొబ్బరి చెట్లన్నీ పడుకున్నాయి. మూడో రోజు నేను అక్కడికి వెళ్ళాను. ఒక ఇంట్లో వాన పడుతోందని జనరేటర్‌ని వరండాలోకి లాగి, చుట్టూ టార్పాలిన్ కట్టారు. తలుపు తీసే ఉంది, కిటికీలూ తీసే ఉన్నాయి. రాత్రి పదింటికి పిల్లలిద్దరూ వాంతులు. పెద్దావిడకి తల తిరుగుడు. "తిండి పడలేదురా, చద్దన్నం పెట్టాం" అంటున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. జనరేటర్ ఆపి, అందర్నీ వీధిలోకి తెచ్చి, వానలోనే కూర్చోబెట్టాం. గంటకి తేరుకున్నారు, అయినా తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంకో గంట ఆగితే ఏమయ్యేదో తల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళని నిద్రలోనే తీసుకుపోతుంది. కిటికీ తీసి ఉంచితే చాలదు. వరండా, మెట్ల కింద, గ్యారేజీ, బాల్కనీ, ఇవేవీ బయట కావు. జనరేటర్ ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఉండాలి, సైలెన్సర్ మూతి మీ ఇంటి వైపూ, పక్కవాళ్ళ కిటికీ వైపూ ఉండకూడదు. వానకి తడవకుండా నాలుగు ఇనప కాళ్ళ మీద ఒక రేకు వేయించండి, నాలుగు వైపులా తెరిచే ఉంచండి. మా వెల్డర్ చేత మాస్టారి పెరట్లో అలాంటిదే చేయించి, కాళ్ళని సిమెంటులో దిగేశాం, తుఫాను గాలికి రేకు లేవకుండా. జనరేటర్‌ని గాలి తగ్గాకే దాని కిందికి తేవాలి. అంతవరకూ ఇంట్లో, ఆపి ఉన్నది ఉన్నట్టుగా.

చేంజోవర్ లేకుండా వద్దు

దీని గురించి నాకు కోపం వస్తుంది. రెండు వైపులా మగ పిన్నులు బిగించిన వైరు ముక్క తయారు చేసి, ఒక కొస జనరేటర్‌కి, ఇంకో కొస గోడ సాకెట్‌కి గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్ళున్నారు. మెయిన్ స్విచ్ కట్టేశాం కదా అంటారు. ఎవరో ఒకరు ఒకరోజు మర్చిపోతారు. అప్పుడు మీ ఇంటి 230 వోల్టులు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి ఎక్కుతాయి. మన ఇంటికి 11 వేల వోల్టులను దించి ఇచ్చే ఆ ట్రాన్స్‌ఫార్మర్, వెనక నుంచి ఎక్కించినదాన్ని అలాగే వేలకి వేలు పెంచి అవతలికి పంపుతుంది. అవతల చెట్టు పడి తెగిన తీగని చేత్తో పట్టుకుని ఒక లైన్‌మన్ ఉంటాడు. హుద్‌హుద్ తర్వాత వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్లు మా వీధి స్తంభం ఎక్కి పనిచేస్తుంటే మేం మంచినీళ్ళు అందించాం. వాళ్ళ చేతులు నాకు గుర్తున్నాయి.

మీటరు పక్కన 32 యాంపుల రెండు పోళ్ళ చేంజోవర్ స్విచ్ పెట్టించండి. ఒక వైపు లైను, ఒక వైపు జనరేటర్, మధ్యలో ఆఫ్. రెండూ ఒకేసారి కలవడం దానిలో కుదరదు. ఫేజ్ ఒక్కటే కాదు, న్యూట్రల్ కూడా మారాలి, అందుకే రెండు పోళ్ళు. జనరేటర్ వైపు దాని కెపాసిటీకి తగ్గ ఎంసీబీ. పెరటి దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రబ్బరు కేబుల్, మధ్యలో అతుకులు లేకుండా. చిన్న జనరేటర్లలో ఎక్కువవాటికి న్యూట్రల్ ఎర్త్‌తో కలిసి ఉండదు. అలాంటప్పుడు ఇంట్లో షాక్ కొడితే ట్రిప్ కావలసిన ఆర్‌సీసీబీ ట్రిప్ కాకపోవచ్చు. మీ మోడల్ మాన్యువల్ చూసి ఎర్తింగ్ ఎలా చేయాలో లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తోనే తేల్చుకోండి. ఈ ఖర్చంతా జనరేటర్ ధరలో భాగమే అనుకుని బడ్జెట్ వేసుకోండి. డబ్బు చాలకపోతే జనరేటర్ చిన్నది తీసుకోండి, చేంజోవర్ మానొద్దు.

పెట్రోలు, కార్బురేటర్

రోజంతా నడపాలని ఎవరూ అనుకోవద్దు. లీటరు పెట్రోలుకి మహా అయితే రెండు యూనిట్లు వస్తాయి, కరెంటు బిల్లుతో పోల్చి చూడండి. తలుపు తీయని ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. మాస్టారింట్లో లెక్క ఇది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు జనరేటర్. ఆ సమయంలో ఫ్రిజ్, ఫోన్లు, బ్యాటరీ ఛార్జింగ్. మిగతా రోజంతా, రాత్రంతా ఫ్యానూ రెండు బల్బులూ ఇన్వర్టర్ మీద పొదుపుగా. నాలుగు గంటలకి రెండున్నర లీటర్లు. అయిదు రోజులకి పన్నెండు, పదమూడు. తుఫాను హెచ్చరిక రాగానే తెచ్చుకోవాలి, తర్వాత బంకులో కూడా కరెంటు ఉండదు, ఉన్న బంకు దగ్గర క్యూ ఉంటుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు, అదీ ఇనప డబ్బాలో. నీళ్ళ సీసాల్లో, ప్లాస్టిక్ క్యాన్లలో వద్దు. వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోలు పోయకండి, ఆపి పావుగంట ఆరనివ్వండి.

జనరేటర్ చెడిపోయిందని నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం అసలు చెడిపోవడం కాదు. ఏడాది కిందట వాడి, ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేసి, అటక కింద పెడతారు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్, అది గాలిలో తేమని లాక్కుంటుంది, మాది సముద్రపు గాలి. కార్బురేటర్ కింది గిన్నె పదో నంబరు స్పానర్‌తో విప్పితే అడుగున తేనె రంగు జిగురు, దాని కింద తెల్లటి పొడి, ఒక నీటి బొట్టు అద్దంలా నిలబడి ఉంటుంది. మధ్యలో ఇత్తడి జెట్ ఉంటుంది, దానికి సూది మొన అంత బెజ్జం. అది పూడిపోతే వంద లాగులు లాగినా అందుకోదు, చోక్ వేస్తే ఒక్క క్షణం దగ్గి ఆగిపోతుంది. గుండుసూది పెట్టి పొడవకండి, బెజ్జం పెద్దదైతే ఇక సరిగా నడవదు. వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి దాంతో మెల్లగా తీయండి, కార్బురేటర్ క్లీనర్ కొట్టి వెలుతురుకి పెట్టి చూడండి. బెజ్జంలోంచి గుండ్రని చుక్క వెలుగు కనబడితే పని అయిపోయినట్టే.

ఇది రాకుండా ఉండాలంటే ప్రతిసారీ ఆపేటప్పుడు స్విచ్‌తో ఆపకుండా పెట్రోల్ కాక్ కట్టేయండి. గిన్నెలో ఉన్నది తాగేసి తానే ఆగుతుంది. నెల దాటి వాడమనుకుంటే ట్యాంకు కూడా ఖాళీ చేసి ఆ పెట్రోలు స్కూటర్లో పోసుకోండి. కొనేటప్పుడే మాన్యువల్లో ఈ20, అంటే ఆ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు, పనికొస్తుందని ఉందో లేదో చూడండి.

నెలకోసారి పావుగంట నడపాలి, ఖాళీగా కాదు, ఫ్యాన్లూ ఫ్రిజ్ వేసి. మాస్టారింట్లో ఆ పని అమ్మగారిది. మొదటి ఆదివారం కాఫీ అయ్యాక పెరట్లోకి వెళ్తారు. చేంజోవర్ డబ్బా మూత లోపల మాస్టారి గుండ్రటి చేతిరాతలో ఒక కాగితం అంటించి ఉంది. ఆయిల్ పుల్ల చూడు. పెట్రోల్ కాక్ తియ్యి. సోలార్ ఉన్నవాళ్ళు దాని స్విచ్ కట్టు, మనకి లేదు. ఇంట్లో అన్నీ ఆఫ్. తాడు లాగి మూడు నిమిషాలు ఖాళీగా నడవనీ. చేంజోవర్ జనరేటర్ వైపు. ముందు ఫ్రిజ్ ఒక్కటే, అది ఎత్తుకున్నాక ఫ్యాన్లు, తర్వాత ఇన్వర్టర్, చివర్న చిన్నవి. ఆపేటప్పుడు ఇదే వెనక నుంచి. ఆ కాగితం అడుగున, ఎర్ర సిరాతో, అమ్మగారు తర్వాత రాసుకున్న లైను ఒకటి ఉంది: లైను కరెంటు వచ్చిందో లేదో వీధి దీపం చూసి తెలుసుకోవాలి.